మాంగనీసు బేరం: బరువు ఒక లెక్క, పాలు మరొక లెక్క

గోవాడ: చెరకు బండి కాటా మీదికి ఎక్కితే బరువు తేలిపోతుంది. అందులో పంచదార ఎంత ఉన్నదో మాత్రం కాటా చెప్పదు. గానుగ ఆడి, రసం కాగి, పలుకు కట్టిన తర్వాతనే ఆ సంగతి రికవరీ రూపంలో బయటపడుతుంది. 2025-26 సీజనుకు కేంద్ర ప్రభుత్వం చెరకుకు ప్రకటించిన క్వింటాలు 355 రూపాయల ధర కూడా 10.25 శాతం రికవరీకి కట్టినదే. ఆపైన ప్రతి 0.1 శాతానికి 3.46 రూపాయలు కలుస్తాయి. గోవాడ, చోడవరం, అనకాపల్లి వర్తకులకు ఇది కొత్త పాఠం కాదు. ఇదే పద్ధతిలో, ఇంతకంటే కఠినంగా లెక్క కట్టే మరొక సరకు ఉత్తర కోస్తాలోనే 130 ఏళ్ళకు పైబడి చేతులు మారుతున్నది. అది మాంగనీసు.

మాంగనీసు వ్యాపారమంటే గరివిడి గనులవారిదీ, విశాఖ రేవు ఏజెంట్లదీ అనే అభిప్రాయం చోడవరం ప్రాంతంలో ఉన్నది. నిజానికి ఇనుప చువ్వలు అమ్మేవారూ, వెల్డింగ్ కడ్డీలు అమ్మేవారూ, స్టీలు సామాను దుకాణాలవారూ, పాత ఇనుము కొనేవారూ, ఎరువుల డీలర్లూ, టార్చి సెల్లులు అమ్మేవారూ రోజూ కొంటున్నదీ అమ్ముతున్నదీ ఎంతో కొంత మాంగనీసే. తన పేరుతో అది ఏ దుకాణంలోనూ దొరకదు. అందువల్లనే దాని విలువ తెలియక నష్టపోవడం కూడా తరచుగా జరుగుతున్నది.

ఒంటరిగా పనికిరాని లోహం

మాంగనీసు పరివర్తన లోహాల తరగతిలోనిది. పరమాణు సంఖ్య 25. ఇనుముకు పక్కింటిదే, ఇనుము సంఖ్య 26. రంగులో ఇనుమునే పోలి ఉంటుంది. 1246 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గర కరుగుతుంది. గట్టిదే కాని పెళుసు; సుత్తితో కొడితే సాగదు, పగులుతుంది. కనుక ఉత్త మాంగనీసుతో ఒక మేకు కూడా చేయరు. 1774లో స్వీడన్ దేశస్థుడు గాన్ దీనిని మొదట విడదీసినపుడు దీనివల్ల ఏమి ప్రయోజనమో ఎవరికీ తోచలేదు. అప్పటికి నల్లని ముడిఖనిజాన్ని గాజు పని వారు మాత్రం వాడుతుండేవారు. గాజులోని పచ్చదనాన్ని అది విరుస్తుంది.

దీని దశ తిరిగినది 1856లో. ఇంగ్లండులో బెస్సెమర్ కొత్త పద్ధతిలో చేసిన ఉక్కు ఎర్రగా కాల్చి సాగదీయబోతే చిట్లిపోతుండేది. మాంగనీసు కలిసిన పోత ఇనుమును కరిగిన ఉక్కులో వేస్తే ఆ జబ్బు కుదురుతుందని రాబర్ట్ ముషెట్ చూపించాడు. కారణం చెప్పుకుంటే సులువే. ఇనుములో గంధకం ఉంటే రెండూ కలిసి తక్కువ వేడికే కరిగే పదార్థంగా మారి, ఉక్కు రేణువుల మధ్య సందుల్లో చేరతాయి. కాల్చి సాగదీసేటప్పుడు ఆ సందులు విడిపోతాయి. మాంగనీసుకు గంధకం మీద మక్కువ ఎక్కువ. అది ముందే గంధకాన్ని పట్టుకుని, ఆ వేడికి కరగని గింజలుగా ఉక్కులో నిలుపుతుంది. ప్రాణవాయువునూ అదే విధంగా పట్టి మడ్డిలోకి లాగుతుంది. ఈ రెండు పనులకు మారుగా చవకలో వాడదగిన లోహం నేటికీ దొరకలేదు. ప్రపంచంలో తవ్వే మాంగనీసులో దాదాపు 90 శాతం ఉక్కు కొలుములకే పోతున్నది. గృహనిర్మాణం మందగిస్తే చువ్వల గిరాకీ, చువ్వలతో పాటు మాంగనీసు గిరాకీ తగ్గడం ఇందుకే.

పుట్టిల్లు ఉత్తర కోస్తా

దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైనది విజయనగరం ప్రాంతంలో. 1892లో అక్కడ పని ఆరంభమైంది. కోడూరు, గర్భాం, గరివిడి పేర్లు ఆ రోజుల్లోనే లండన్ వర్తకుల చిట్టాల్లోకి ఎక్కాయి. పాత గ్రంథాలలో విజగపటం మాంగనీసు అనీ, తర్వాతి వాటిలో శ్రీకాకుళం మాంగనీసు అనీ కనబడేది ఇదే. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడిన తర్వాతనే నేటి పేరు వచ్చింది. గోవాడ సైతం 2022 ఏప్రిల్ నుంచి విశాఖపట్నం జిల్లా విడిచి అనకాపల్లి జిల్లాలో చేరినదే. జిల్లాల పేర్లు మారతాయి, సరకు మారదు.

అయితే మొదట పుట్టిన ఈ సరకు బజారులో మొదటి స్థానం నిలుపుకోలేకపోయింది. మధ్య పరగణాలలో, అంటే నేటి నాగపూరు, బాలాఘాట్ ప్రాంతాల్లో, తవ్వకం మొదలైన కొద్ది ఏళ్ళకే కొనుగోలుదార్లు అటు తిరిగారు. తవ్వకం ఖర్చు వల్ల కాదు, భాస్వరం వల్ల. భూగర్భ శాఖకు చెందిన ఫెర్మర్ 1909లో దేశంలోని మాంగనీసు నిక్షేపాలపై పెద్ద గ్రంథం వెలువరించాడు. కోడూరు రాతికి ఆ ఊరి పేరే పెట్టి కోడురైట్ అన్నాడు. ఆ రాతిలో అపటైట్ అనే భాస్వరపు ఖనిజం కలిసి ఉంటుంది. భాస్వరం పంటకు మంచిదే కాని ఉక్కుకు పనికిరాదు. ఉక్కు చల్లారిన తర్వాత దెబ్బకు తట్టుకోకుండా చేస్తుంది. పైగా ఖనిజంలోని భాస్వరం దాదాపు అంతా కొలిమిలో లోహంలోకే దిగుతుంది, మడ్డిలోకి పోదు. అందుచేత విజయనగరం ఖనిజాన్ని భాస్వరం తక్కువ ఉన్న సరకుతో కలిపి వాడవలసి వచ్చింది. కలిపి వాడే సరకుకు బజారులో తగ్గింపు ఎప్పుడూ ఉంటుంది.

విశాఖ రేవు చరిత్రలోనూ మాంగనీసుకు చోటున్నది. మధ్య పరగణాల ఖనిజాన్ని తూర్పు తీరానికి దించాలనే ఆలోచన రేవు నిర్మాణానికి ముఖ్య కారణాలలో ఒకటి. రాయపూరు నుంచి విజయనగరానికి రైలు మార్గం ఆ పథకంలోని భాగమే. 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ కొత్త రేవులో ప్రవేశించింది. ఎగుమతి కోసం కట్టిన ఆ రేవులోనే నేడు దక్షిణాఫ్రికా, గాబన్, ఆస్ట్రేలియా దేశాల మాంగనీసు దిగుమతి అవుతున్నది. దేశపు ఉక్కు పెరిగింది. దేశంలో తవ్వేది, అందులోనూ మంచి పాలు ఉన్నది, చాలడం లేదు.

యూనిట్ లెక్క

బియ్యం బస్తాకూ, బెల్లం దిమ్మకూ అలవాటు పడిన వారికి మాంగనీసు ధర మొదట్లో తికమకగా ఉంటుంది. టన్నుకు ఇన్ని డాలర్లని చెప్పరు. యూనిట్‌కు ఇన్ని డాలర్లంటారు. యూనిట్ అంటే పొడి టన్నులో ఒక శాతం మాంగనీసు, అనగా 10 కిలోలు. 37 శాతం ఖనిజం యూనిట్‌కు 4 డాలర్లని బేరం కుదిరితే పొడి టన్ను ధర 148 డాలర్లు. (ఈ ధర లెక్క కోసం తీసుకున్నదే, నేటి మార్కెట్ ధర కాదు.)

వెయ్యి టన్నుల సరకు వచ్చిందనుకుందాం. తేమ 6 శాతం. పొడి బరువు 940 టన్నులు. చెల్లించవలసినది 1,39,120 డాలర్లు. అదే సరకు పరీక్షలో 37 కాక 36 శాతమే తేలితే 1,35,360 డాలర్లు. ఒక్క శాతం తేడాకు 3,760 డాలర్లు పోయాయి. పాలు 37 శాతమే ఉండి తేమ 6 నుంచి 8కి పెరిగితే 1,36,160 డాలర్లు. ఇక్కడ తేడా 2,960 డాలర్లు. అంటే కుప్ప మీద పడిన నాలుగు చినుకులకు కూడా ధర ఉన్నదన్నమాట. తడి ఖనిజాన్ని కాటా బరువుకు కొన్నవాడు నీటికి డబ్బు చెల్లిస్తున్నాడు.

అందుకే ఈ వ్యాపారంలో తగాదాలన్నీ నమూనా దగ్గర మొదలవుతాయి. కుప్ప పైనుంచి పెద్ద రాళ్ళు ఏరి పంపితే ఒక ఫలితం, అడుగు పొడి తీసి పంపితే మరొక ఫలితం. ఓడ ఎక్కే చోట తీసిన నమూనా ఖాయమా, దిగే చోట తీసినదా? రెండింటికీ తేడా వస్తే మూడవ ప్రయోగశాల ఏది? తేమ ఏ రోజున కొలవాలి? ఇవన్నీ ఒప్పందంలో ముందే రాసుకోనివారు తర్వాత బాధపడతారు. చెరకు రైతుకు ఫ్యాక్టరీ మొత్తం మీద తేలిన రికవరీని బట్టి ధర కడతారే కాని ఎవరి బండిని వారికి విడిగా పరీక్షించరు. మంచి చెరకు తెచ్చిన రైతుకు అది కొంత అన్యాయమే. ఖనిజంలో ఆ ఇబ్బంది లేదు, ప్రతి లాటుకూ దాని పరీక్ష దానిదే. కాని సగటు వెనుక దాక్కునే వీలు కూడా లేదు.

పాలు ఒక్కటే చూస్తే చాలదు. మాంగనీసుకు ఇనుముకు మధ్య నిష్పత్తి మరొక ముఖ్యాంశం. 75 శాతం ఫెర్రో మాంగనీసు తీయాలంటే ఖనిజంలో ఇనుము ఒక పాలుకు మాంగనీసు సుమారు 7 పాళ్ళు ఉండాలి. ఇనుము ఎక్కువైతే ఎంత బొగ్గు తగలేసినా ఆ గ్రేడు రాదు. అటువంటి ఖనిజం సిలికో మాంగనీసుకు పోతుంది. ఫెర్రో మాంగనీసు కొలిమిలో మిగిలిన మడ్డిలో ఇంకా చాలా మాంగనీసు ఉంటుంది కనుక దానిని కూడా సిలికో కొలిమికే వేస్తారు. చక్కెర ఫ్యాక్టరీలో పిప్పి బాయిలరుకూ, మొలాసిస్ సారా బట్టీకీ పోయినట్లే ఇక్కడా పారవేసేది తక్కువ.

కరెంటు, తుపాను, చైనా

1950ల చివర గరివిడి దగ్గర ఫెర్రో మాంగనీసు కర్మాగారం వెలసిన నాటి నుంచి విజయనగరం, విశాఖ ప్రాంతాలు ఈ మిశ్రలోహాలకు పేరుపొందాయి. తర్వాత బొబ్బిలిలోనూ యూనిట్లు వచ్చాయి. ఇండియాలో సిలికో మాంగనీసుకు చెప్పే రెండు ప్రధాన రకాలు 60-14, 65-16. మొదటి అంకె మాంగనీసు శాతం, రెండవది సిలికాన్ శాతం. మొదటిది ఎక్కువగా దేశంలోని చువ్వల మిల్లులకు, రెండవది ఎగుమతికి. రాయపూరు, దుర్గాపూరు ధరలతో పాటు విశాఖ ధరను కూడా ఈ వ్యాపారంలోని వారు రోజూ అడిగి తెలుసుకుంటారు.

టన్ను సిలికో మాంగనీసు తీయడానికి 4 వేల యూనిట్ల దరిదాపుల్లో విద్యుత్తు కావాలి. ఇక్కడ యూనిట్ అంటే కరెంటు యూనిట్, ఖనిజం యూనిట్ కాదు. మిల్లులవారు రెంటినీ ఒకే మాటతో పిలిచి వినేవారిని కంగారు పెడుతుంటారు. యూనిట్‌కు ఒక్క రూపాయి పెరిగితే టన్నుకు 4 వేల రూపాయల భారం పడుతుంది. ఖనిజం ధర ఎంత అనుకూలంగా ఉన్నా కరెంటు ధర ఎదురు తిరిగితే కొలిమి ఆర్పుకోవలసిందే.

మాంగనీసుకు లండన్ లోహాల ఎక్స్ఛేంజిలో చోటు లేదు. రాగికీ, జింకుకూ ఉన్నట్లు బోర్డు మీద ధర కనబడదు. గనుల యజమానులు నెలనెలా ప్రకటించే ధరలు, ఏజెన్సీలు సేకరించే ధరలే ఆధారం. దేశంలో నాగపూరు కేంద్రంగా పనిచేసే ప్రభుత్వరంగ సంస్థ మాయిల్ ధరలు మిగిలినవారికి కొలబద్ద. సిలికో మాంగనీసుకు మాత్రం చైనాలోని జెంగ్‌జౌ ఎక్స్ఛేంజిలో 2014 నుంచి వాయిదా వ్యాపారం నడుస్తున్నది. అక్కడి తెర మీద ఎరుపు, పచ్చ అంకెలు విశాఖ బేరాల మీద ప్రభావం చూపడం సహజమైంది.

బోర్డు లేని బజారులో ఒక్క దుర్ఘటన ఎంత పని చేయగలదో 2024లో తేలింది. ఆ ఏడాది మార్చిలో మెగాన్ తుపాను ఆస్ట్రేలియాలోని గ్రూట్ ఐలాండ్ గని రేవును దెబ్బతీసింది. ప్రపంచంలో మేలైన ఖనిజం దొరికే చోట్లలో అది ఒకటి. ఎగుమతులు ఆగిపోయాయి. యూనిట్ నాలుగు డాలర్ల చుట్టూ ఉన్న 44 శాతం సరకు ధర కొద్ది నెలల్లో దాదాపు రెట్టింపయింది. ఇక ఎప్పటికీ తగ్గదని నమ్మినవారు గిడ్డంగులు నింపారు. అయితే చైనా ఉక్కు గిరాకీ మందకొడిగా ఉండడం, దక్షిణాఫ్రికా, గాబన్ సరకు ఎక్కువగా రావడంతో ఆ ఏడాది ద్వితీయార్ధంలో ధర తిరిగి కిందికి దిగింది. 2025లో గ్రూట్ ఐలాండ్ నుంచి ఓడలు మళ్ళీ బయలుదేరాయి. బెల్లంలో అటువంటి ఊపులు చూసిన అనకాపల్లి కమిషన్ వ్యాపారులకు ఈ కథ విడమరచి చెప్పనక్కరలేదు.

సూదంటురాయి చేసే మోసం

గోవాడ, చోడవరం బజారులో మాంగనీసు చేతికి తగిలేది స్టీలు సామానులోనూ, తుక్కులోనూ. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 అనే రకంలో నికెల్ 8 శాతానికి తగ్గకుండా ఉంటుంది, మాంగనీసు 2 శాతానికి మించదు. నికెల్ ఖరీదైన లోహం. 2022 మార్చిలో లండన్‌లో నికెల్ టన్ను లక్ష డాలర్లు దాటి వ్యాపారమే నిలిపివేయవలసి వచ్చిన సంగతి తెలిసినదే. నికెల్ చేసే పనిని కొంతవరకు మాంగనీసు చేయగలదు. అందువల్ల 201, 202 రకాల్లో నికెల్ తగ్గించి ఆ చోట మాంగనీసు వేస్తారు. 202 రకంలో మాంగనీసు 7.5 నుంచి 10 శాతం వరకు, నికెల్ 4 నుంచి 6 శాతం వరకు ఉంటుంది. బజారులో తిరిగే మరికొన్ని చవక రకాల్లో నికెల్ ఒక శాతం దగ్గరే ఆగిపోతుంది.

ఇవి దొంగ సరకు కావు. గిన్నెలకు, పళ్ళాలకు, మెట్ల కటకటాలకు చక్కగా పనికివస్తాయి. ఇండియాలో ఈ రకాల వాడకం చాలా హెచ్చు. కాని ఉప్పు, పులుపు, సముద్రపు గాలి తగిలే చోట 304 అంత కాలం నిలవవు. తంటా అంతా 202ను 304 ధరకు కొన్నప్పుడే. సూదంటురాయి అంటకపోతే మంచి స్టీలని చాలామంది నమ్మకం. మాంగనీసు వేసిన రకానికీ అది అంటదు! నికెల్ ఏ స్థితిలో ఇనుమును నిలబెట్టి సూదంటురాయికి దూరం చేస్తుందో, మాంగనీసు కూడా అదే చేస్తుంది. కనుక సూదంటురాయి పరీక్షతో ఈ రెండు రకాలనూ వేరు చేయడం సాధ్యం కాదు. పాత పాత్రలు, పైపులు లాటుగా కొనేవారు ఇక్కడే దెబ్బ తింటున్నారు. నికెల్ పాలుకు ధర కట్టి కొన్న సరకు కరిగించే చోటికి వెళ్ళి పరీక్షలో మాంగనీసుగా తేలితే లారీ కిరాయి కూడా మీద పడుతుంది.

దీనికి విరుద్ధమైన నష్టం మరొకటి ఉన్నది. 1882లో షెఫీల్డులో హాడ్‌ఫీల్డ్ 12 శాతం వరకు మాంగనీసు వేసి ఒక ఉక్కు చేశాడు. దెబ్బలు తినేకొద్దీ దాని పై భాగం గట్టిపడుతుంది. రైలు పట్టాలు కలిసే కూడళ్ళలో, కంకర మిల్లుల దవడల్లో వాడేది ఆ ఉక్కే. అనకాపల్లి చుట్టుపక్కల కంకర మిల్లులకు కొదవ లేదు. అరిగిన దవడ పలకలు పాత ఇనుము కొట్లకు వచ్చినపుడు సూదంటురాయి అంటదని కొందరు వెనక్కు పంపుతారు, కొందరు పోత ఇనుము ధరకు తీసుకుంటారు. నిజానికి పోత ఉక్కు కొలుములవారు అందులోని మాంగనీసుకు విడిగా విలువ కట్టి కొనదగిన సరకది. గుర్తు పట్టడం కష్టమేమీ కాదు. పై పొర అక్కడక్కడ కాస్త లాగినా లోపల సూదంటురాయి అంటదు. స్టెయిన్‌లెస్ వలె కాక తుప్పు మాత్రం పడుతుంది. డ్రిల్లు పెడితే దిగదు. ఈ మూడూ కలిస్తే దాదాపు ఖాయమనుకోవచ్చు. దానిని మామూలు తుక్కులో కలిపి అమ్మడం అమ్మేవారికీ నష్టం, కరిగించేవారికీ తలనొప్పి.

చక్కెర ఫ్యాక్టరీలకు మాంగనీసు చేరేది వెల్డింగ్ కడ్డీల పూతలోనూ, గానుగ రోలర్ల పోత ఇనుములోనూ. కడ్డీ పూతలో ఫెర్రో మాంగనీసు పొడి కలుపుతారు. అతుకులో ప్రాణవాయువు చేరకుండా అది కాపాడుతుంది. గానుగ ఆడని నెలల్లో మరమ్మతులు జరిగే చోట ఈ కడ్డీల ఖర్చు ఎక్కువ.

ఇతర ఉపయోగాలు త్వరగా చెప్పుకోవచ్చు. టార్చి సెల్లులోని నల్లపొడి మాంగనీసు డయాక్సైడు. బావుల్లో వేసే పర్మాంగనేటు ఊదారంగు కూడా ఈ లోహానిదే. విద్యుత్ వాహనాల బ్యాటరీలలోనూ మాంగనీసు పడుతున్నది. ఆ పేరు చెప్పి గని షేర్లను ఎగదోసేవారు లేకపోలేదు కాని, ఉక్కు వాడకం ముందు బ్యాటరీల వాటా ఇప్పటికి చిన్నదే. ఖనిజం నూరే చోట దుమ్ము మాత్రం చాలా చెడ్డది. ఏళ్ళ తరబడి పీల్చిన కూలీలకు నరాల జబ్బు వస్తుందని 1837 నుంచే తెలుసు.

చెరకు సాగులో సైతం మాంగనీసు ప్రస్తావన ఉన్నది. హవాయి దీవుల చెరకు ఆకులపై తెల్లని చారలు తెచ్చిన పహాలా తెగులు పురుగు వల్ల కాదనీ, మాంగనీసు లోపమనీ 1920ల చివర తేలింది. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో ఈ లోపం కనబడుతుంది. పులుపు స్వభావం గల ఎర్రనేలల్లో సాధారణంగా ఉండదు. అందుకని మట్టి పరీక్ష లేకుండా రైతుకు మాంగనీసు సల్ఫేటు బస్తా అంటగట్టడం డీలర్లకు మంచిది కాదు. సంచి మీద శాతం ముద్రించి ఉంటుంది. డీలరు కొనేటప్పుడూ బస్తా ధరను ఆ శాతంతో భాగించి చూసుకుంటే రెండు కంపెనీల సరకులో ఏది చవకో వెంటనే తేలుతుంది.

స్టీలు తుక్కు కొనేవారికి ఇపుడు బజారులో ఒక చుక్క మందు దొరుకుతున్నది. గీకి శుభ్రం చేసిన చోట ఒక చుక్క వేసి చిన్న బ్యాటరీ ఆనిస్తే మాంగనీసు ఎక్కువ ఉన్న రకంలో చుక్క ఎరుపెక్కుతుంది, 304లో అంతగా మారదు. పెద్ద లాటుకు ఇది చాలదు. చేతిలో పట్టుకునే ఎక్స్‌రే పరికరం ఉన్నవారిని పిలిపించి, లాటులో నాలుగైదు చోట్ల చూపించుకుని, కాగితం మీద శాతాలు రాయించుకున్న తర్వాతనే బయానా ఇవ్వడం నగరాల్లోని పెద్ద కొనుగోలుదార్ల పద్ధతి.